గోడ పడుతుందన్నవాడు

మొదటి శతాబ్దంలో రోమన్ల ఏలుబడిలో ఉన్న యూదయ దేశపు జనం ఏ రక్షకుడి కోసం ఎదురుచూశారు, ఆ ఎదురుచూపులోంచి ఎన్ని తిరుగుబాట్లు పుట్టాయి అన్నది నా పరిశోధన విషయం. ఈ మాట చెప్పగానే ఎదుటివాడి ముఖంలో జాలి కనబడేది. తొంభైల చివర్లో హైదరాబాదులో చరిత్ర చదువుతున్నానని చెప్పుకోవడమూ, ఒంట్లో బాగాలేదని చెప్పుకోవడమూ దాదాపు ఒకటే. "దీనికేమన్నా స్కోప్ ఉంటుందాండీ?" అని అడిగాడు కూకట్‌పల్లిలో మా కాలేజీ కరస్పాండెంటు. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోతాయని, వాటికి తేదీ గుర్తుచేసే ఉద్యోగం మన పిల్లలకే రాసిపెట్టి ఉందని ఆయన నమ్మకం. ఆ నమ్మకం కొద్దీ మా చరిత్ర విభాగం గదిలోంచి బీరువాను, నన్ను బయటపెట్టి లోపల కంప్యూటర్లు పెట్టించాడు. యెరూషలేము ముట్టడి గురించి నేను రాసుకున్నదంతా వరండాలో కూచుని రాసిందే.

ఆ రోజుల్లో ఏ కరెంటు స్తంభం చూసినా రెండే రకాల కాగితాలు. మా కంప్యూటర్ కోర్సులో చేరండి, మీ జీవితం మారిపోతుంది అని ఒకటి. ప్రభువు రాకడ సమీపించింది, మారుమనసు పొందండి అని ఇంకొకటి. నాకు రెండింటికీ పెద్ద తేడా కనబడలేదు. రెండూ ఆదివారం పొద్దున్నే రమ్మనేవి.

ఆ విషయం మీద ప్రేమ కొద్దీ పరిశోధన చేస్తున్నానని మా ఇంట్లోవాళ్లు అనుకునేవారు. ప్రేమా పాడా, అంతా కోపమే. రోమన్ల పన్నుల కింద నలిగిపోయిన ఆ జనం మీద కాదు, వాళ్ల ఎదురుచూపును మేసి బతికినవాళ్ల మీద. జనాభా లెక్కలు రాయించుకోమని రోమన్లు అన్నప్పుడు, దేవుడు తప్ప మాకు వేరే యజమాని లేడని గలిలయ వైపు నుంచి ఒకడు లేచాడు. అతను కొంత నయం, ఆ మాటకు వెన్నెముక ఉంది. తరవాత వచ్చినవాళ్లను చూడండి. ఒకడు, సామానంతా మూటగట్టుకుని నా వెంట రండి, యొర్దాను నది నా మాటకు చీలి దారి ఇస్తుందన్నాడు. జనం చెంబూ తపేలాతో సహా బయలుదేరారు. నది చీలక ముందే రోమన్ గుర్రాలు వచ్చాయి, అతని తల మాత్రం యెరూషలేము చేరింది. ఇంకొకడు ఈజిప్టు నుంచి దిగాడు. జనాన్ని ఎడారంతా తిప్పి, ఒలీవల కొండ ఎక్కించి, ఎదురుగా ఉన్న పట్నపు గోడలు నా నోటి మాటకు కూలిపోతాయి, నడుచుకుంటూ లోపలికి పోదామన్నాడు. గోడలు కూలలేదు. సైన్యం వచ్చి పడింది, వెంట వచ్చినవాళ్లు చచ్చారు, ఈ మహానుభావుడు మాత్రం తప్పించుకున్నాడు. ఆ తరవాత ఏమయ్యాడో చరిత్రకు తెలియదు.

నాకు అన్నిటికంటే ఒళ్లు మండించేది జోస్యం సంగతి. తమ దేశంలోంచి లేచేవాడు లోకాన్ని ఏలుతాడని వాళ్లకొక పాత జోస్యం ఉండేది. దాన్ని నమ్ముకుని రోము మీద యుద్ధానికి దిగారు. తిరుగుబాటు సేనాని ఒకడు శత్రువుకు చిక్కగానే, ఆ ఏలేవాడివి నువ్వే దొరా అని రోమన్ సేనాపతితోనే అని ప్రాణం దక్కించుకున్నాడు. ఆ సేనాపతి నిజంగానే చక్రవర్తి అయ్యాడు. ఈ సేనాని రోములో ఇల్లూ పింఛనూ పుచ్చుకుని, తనవాళ్లు ఎంత మూర్ఖులో పుస్తకాలు రాశాడు. ఆ కాలం గురించి ఇవాళ మనకు తెలిసిందంతా చాలామటుకు ఆయన చెప్పిందే. అలాంటి మనిషి మాట మీద ఆధారపడి పరిశోధన చేయవలసి రావడం నాకు మరీ కష్టంగా ఉండేది.

నేను కడప జిల్లా నుంచి వచ్చి రాయదుర్గంలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాణ్ణి. అప్పటికది ఊరే. హైటెక్ సిటీలో మొదటి గుండ్రటి భవనం లేచింది గానీ, దాని అద్దాల్లో కనబడేవి ఇంకా బండరాళ్లూ బర్రెలే. మధ్యాహ్నం పూట విజిల్ ఊది బండలు పేల్చేవారు. నా గది కిటికీ రెక్కలు గడగడా అదిరేవి. ఇంటివాళ్లకు బర్రెలు ఉండేవి. ఇంటావిడకు యాభై దాటి ఉంటాయి, నేను అక్కా అనేవాణ్ణి, ఆమె నన్ను సారూ అనేది. సాయంత్రం ఆమె పాలు పిండుతుంటే, ఆమె భర్త గడప మీద కూచుని బీడీ కాల్చేవాడు. ఆయన మాట్లాడేది తక్కువ. భార్య వడ్డిస్తే తప్ప అన్నం ముట్టడు. పక్కింట్లో పెళ్లయినా సరే, ఆమె వచ్చి విస్తట్లో పెట్టేదాకా చేతులు కట్టుకుని కూచునేవాడు. ఊరంతా దీని మీద నవ్వేది, ఆయన పట్టించుకునేవాడు కాదు.

కాలేజీలో వినేవాళ్లు లేక, నేను ఆ ఇద్దరికీ నా యూదయ కథలు చెప్పేవాణ్ణి. ఈజిప్టువాడి కథ చెప్పిన రోజు ఆమె పిండడం ఆపి అడిగింది.

"మరి గోడ పడ్డదా సారూ?"

"పడలేదక్కా."

"చెప్పినోడు ఏమైండు?"

"పారిపోయినాడు."

"ఎంబడి పోయినోళ్లు?"

"నరికిపారేసినారు."

ఆమె భర్త బీడీ ఆర్పి, "చెప్పెటోడు ఎన్నడన్న సచ్చిండా?" అన్నాడు. అది విని నేను నవ్వాను. నా పరిశోధన మీద నేను విన్న అభిప్రాయాల్లో బుద్ధిగలది అదొక్కటే.

కొన్నాళ్లకు ఒక బుధవారం ఆయనే పోయాడు. పొద్దున బర్రెలను తోలుకుపోయిన మనిషి మధ్యాహ్నానికి గుట్ట పక్కన కూలబడిపోయాడు. దవాఖానకు తీసుకుపోయేదాకా కూడా ఆగలేదు.

ఊరికీ, వాళ్లు శవాలను పూడ్చే జాగాకూ మధ్య ఉన్న భూమిని అప్పటికే ఏదో కంపెనీ కొన్నది. రోడ్డు దగ్గర మొదలుపెట్టి గుట్ట వైపుగా ప్రహరీ గోడ కడుతున్నారు. గుట్టను ఆనుకుని ఒక బండి పట్టేంత సందు మాత్రం మిగిలి ఉంది. పాడె ఆ సందులోంచే పోయింది. మేస్త్రీలు తాపీలు కింద పెట్టి, పక్కకు జరిగి, తలగుడ్డలు తీసి నిలబడ్డారు. పూడ్చి తిరిగి వస్తుంటే వాళ్లు మళ్లీ పనిలో పడ్డారు. వాళ్లను తప్పుపట్టడానికేమీ లేదు.

అక్కడివాళ్లలో మనిషి పోయిన మూడోనాడు పిట్టకు పెడతారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి, కల్లో సారో ఒక గ్లాసులో పోసి, బీడీ కూడా వెలిగించి సమాధి మీద పెట్టి, అందరూ దూరం జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాడి మనసులో ఏదో కోరిక ఉండిపోయినట్టు. అప్పుడు ఒక్కొక్కరూ ముందుకు వచ్చి, నీ బిడ్డ పెండ్లి మంచిగ జేస్తం, నీ బర్రెలను అమ్ముకోం, ఇగ ముట్టు, అని మాట ఇస్తారు. మా వైపు కూడా పిండం పెట్టి కాకి కోసం చూస్తాం గానీ, చచ్చినవాడితో ఇలా బేరమాడటం నేను అక్కడే చూశాను. ఆమెకు ఆ మూడోనాటి మీదే ధ్యాస. ఏడవడం కూడా మానేసి, ఏమేం వండాలో చెప్పుకుంటూ తిరిగింది.

అప్పుడు దిగాడు, ఊరంతా అన్నా అని పిలిచే ఒక పెద్దమనిషి. ప్లాట్లు బేరం కుదిర్చే మనిషి. ఇస్త్రీ చేసిన తెల్లబట్టలు, జేబులోంచి బయటికి కనబడేలా సెల్‌ఫోను. వచ్చిన ఫోనుకు కూడా డబ్బులు పడే రోజులవి. అందుకని మోగగానే కట్ చేసి, "మినిస్టర్ సాబ్ పీయే, మల్ల జేస్తడు" అనేవాడు. పరామర్శకు వచ్చి, కుర్చీలో కూచుని, గోడ వైపు వేలు చూపించాడు.

"దొంగల లెక్క గా సందులకెళ్లి పోయి పెడ్తరా? గది మన తొవ్వ. మన తాతల తొవ్వ. ఐతారం దాంక ఆగుండ్రి. ఊరంత కలిసి పోదం. గోడ పడ్తది. పడకుంటే గీ బట్టలు ఇడిశి తిరుగుత. జబాన్ ఇస్తున్న."

ఎవరికీ చిన్న అనుమానం రాలేదు. ఎందుకు పడుతుంది, ఎవరు పడగొడతారు అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. మూడో రోజు కాకపోతే అయిదో రోజు, అదీ బేసే కదా అని పెద్దలు సర్దుకున్నారు. అందరికంటే ముందు ఊగిపోయినవాడు ఆమె మరిది. తోడబుట్టిన అన్న పోయిన దుఃఖం కంటే, అన్న పేరు మీద గోడ పడబోతోందన్న సంబరం అతని ముఖంలో ఎక్కువగా కనబడింది.

ఆమె నా గది దగ్గరికి వచ్చింది. "సారూ, మీ కితాబుల గూడ గిట్లనే ఒకడు గోడ పడ్తదన్నడు గద? మా మరిదికి జర చెప్పుండ్రి. రేపే పోయి పెట్టొస్త. ఆయన నేను పెట్టంది తినడు."

నేను పోయి చెప్పాను. ఒలీవల కొండ, ఈజిప్టువాడు, గుర్రాలు, అన్నీ చెప్పాను. అతను మర్యాదగా అంతా విన్నాడు.

"గది వేరే దేశం సారూ," అన్నాడు. "గాళ్లకు ఎవ్వల్తోని ఎరుకలేదు. మన అన్నకు మంత్రి ఎరుకే."

ఇన్నేళ్ల పరిశోధనలో ఇంత గట్టి వాదం నాకు ఎదురుపడలేదు. ఆమె ఒక్కతే పోతానంటే పెద్దలు ఒప్పుకోలేదు. ఆడమనిషి ఒక్కతే పిట్టకు పెట్టడమేంది, ఊరి మాట కాదంటవా, అని మరిది అడ్డం నిలబడ్డాడు. ఆమె ఊరుకుంది.

శుక్రవారం ఊరుకున్నారు, శనివారం ఊరుకున్నారు. మేస్త్రీలు మాత్రం ఊరుకోలేదు. నేను కాలేజీకి పోతూ వస్తూ చూస్తూనే ఉన్నాను. బండి పట్టే సందు మనిషి పట్టే సందు అయింది, మనిషి పట్టే సందు మేక పట్టే సందు అయింది. శనివారం సాయంత్రానికి గోడ గుట్టకు ఆనుకుపోయింది. పైన సిమెంటు పరిచి, సీసాలు పగలగొట్టి ఆ పెంకులు గుచ్చుతున్నారు. ఊరి మగవాళ్లు చేతులు కట్టుకుని ఈ పని చూశారు. చూసి నవ్వుకున్నారు కూడా. "కట్టనీయ్," అన్నాడు ఒకాయన. "రేపు పడేదానికి ఎంత ఎత్తైతే ఏంది?" ఆమె మరిది పగలబడి నవ్వాడు.

ముట్టడిలో చిక్కిన యెరూషలేములో కూడా ఇలాంటి బుద్ధిమంతులే ఉండేవారు. ఒక ముఠా మీద కోపంతో ఇంకొక ముఠా ఏళ్ల తరబడి తినగల ధాన్యాన్ని తగలబెట్టింది. పైనుంచి సాయం ఎలాగూ దిగుతుంది, ఇక తిండి గింజలతో పనేముంది? నేను ఆ భాగం రాసేటప్పుడు, మనుషులు మరీ ఇంత అన్యాయంగా ఉంటారా అని ఆ పుస్తకాలు రాసిన సేనాని మాటను అనుమానించాను. ఆ శనివారం తరవాత మళ్లీ అనుమానించలేదు.

ఆదివారం ఊరు ఊరంతా గోడ దగ్గరికి వచ్చింది. ఆమె నెత్తిన గంప పెట్టుకుని వచ్చింది. కోడికూర, బోటి, అన్నం, గారెలు, సీసాలో కల్లు. గంప మీద గుడ్డ కప్పి, గోడకు ఎదురుగా నేల మీద కూచుంది. అన్నగారు గోడ దగ్గరికి రాలేదు, పక్కనున్న బండ ఎక్కాడు. అక్కడైతే సిగ్నల్ వస్తుందట. తెల్లబట్టల్లో, బండ మీద నిలబడి, ఫోను చెవికి పెట్టుకుని, ఒక చెయ్యి గాలిలోకి ఎత్తి "ఆగుండ్రి, ఆగుండ్రి" అంటూ ఉంటే జనం నోళ్లు తెరుచుకుని పైకి చూస్తున్నారు. నాకు నవ్వు రాలేదు, ఇంకొక తెల్లబట్టలవాడు గుర్తొచ్చాడు. యెరూషలేము కాలిపోయాక, తిరుగుబాటు నాయకుల్లో ఒకడు సొరంగంలోంచి తెల్లటి బట్టలు వేసుకుని, గుడి ఉన్న చోట ఉన్నట్టుండి పైకి లేచి నిలబడ్డాడట, చూసినవాళ్లు జడుసుకుని పారిపోతారని. రోమన్లు కాసేపు బిత్తరపోయి, నువ్వెవరయ్యా అని అడిగి, పట్టుకుపోయారు. తెల్లబట్టల మీద ఈ నాయకుల జాతికి నమ్మకం ఎప్పుడూ పోదు.

"సాబ్ బైలెల్లిండు," అన్నాడు అన్నగారు కొంతసేపటికి. ఇంకొంతసేపటికి, "మెహిదీపట్నం దాటిండు." ఎండెక్కింది. ఇంకా సేపటికి, సాబును ఎదురుపోయి తోలుకొస్తానని బండ దిగి, జీపెక్కి పోయాడు. జనం దారి ఇచ్చి, చప్పట్లు కొట్టి మరీ పంపించారు. ఆ జీపు ఆ రోజు తిరిగి రాలేదు, ఆ నెలంతా ఊళ్లో కనబడలేదు. ఆ తరవాత గోడ లోపల భవనం లేచేటప్పుడు నీళ్ల ట్యాంకర్లన్నీ అతనివే తిరిగాయి. బట్టలు విడిచి తిరగలేదు, అంతకంటే తెల్లటివి కుట్టించుకున్నాడు.

జీపు పోయిన దిక్కుకే చూస్తూ ఉన్న జనం దగ్గరికి పోలీసులు వచ్చారు. జాగా ఖాళీ చేయమన్నారు. మరిది ముందుకు పోయి, మంత్రిగారు వస్తున్నారు, జర ఆగుండ్రి సార్, అన్నాడు. ఏ మంత్రి రా, అని ఒక కానిస్టేబుల్ లాఠీతో వీపు మీద ఒక్కటి వేశాడు. అంతే. ఊరంతా చెదిరిపోయింది. గోడ పడుతుందని వచ్చినవాళ్లలో గోడను చేత్తో తాకినవాడు కూడా లేడు. దగ్గరి చుట్టాలు కొందరు, మరిది, నేను, ఆమె మిగిలాం. పిట్టకు పెట్టి పోతామంటే, ఇవతల వైపే పెట్టుకుని తొందరగా పొమ్మని పోలీసులు దూరం జరిగారు.

ఆమె అప్పటిదాకా కూచున్న చోటి నుంచి కదలలేదు. నన్ను చూసి మెల్లగా అడిగింది.

"సారూ, మీరు చెప్పిన ఊళ్లె, గా గోడ ఆఖరికి పడ్డదా పడలేదా?"

"పడిందక్కా. చాన్నాళ్లకు పడింది. ఊరి మీదికొచ్చిన సైన్యమే పడగొట్టింది. లోపలున్నోళ్ల మీదనే పడింది."

"గట్లనే పడ్తయి," అని లేచింది.

గోడ మొదట్లో, ఆకు పరిచి అన్నీ వడ్డించింది. కల్లు గ్లాసులో పోసింది. మరిది బీడీ వెలిగించి పెట్టాడు. వెనక్కి జరిగి నిలబడ్డాం. ఒక కాకి వచ్చి గోడ మీద వాలబోయి, గాజు పెంకులు చూసి, కాళ్లు ముడుచుకుని అటువైపు వెళ్లిపోయింది. ఇంకొకటి రాలేదు. ఇవతల చెట్లన్నీ ఎప్పుడో కొట్టేశారు, చెట్లున్నది అవతలే, సమాధుల దగ్గర.

మాట ఇవ్వడం మొదలైంది. ఆమె ఆడబిడ్డ వచ్చి, నీ మేనల్లుని సదువు ఆపం, ముట్టు, అంది. కాకి లేదు. బర్రెలను అమ్మం అన్నారు, సమాధికి సున్నం ఏపిస్తం అన్నారు. చివరికి మరిది వీపు రాసుకుంటూ ముందుకు వచ్చాడు. ఏడుస్తున్నాడు.

"వదినా, నువ్వు చెప్పు. గీ గోడ పడగొడ్తమని చెప్పు. ఆయనకు గదే ఉన్నది మనసుల. నువ్వు చెప్తే ముడ్తడు."

పక్కనున్నవాళ్లంతా అవునవును, చెప్పు, చెప్పు, అన్నారు. జీపు పోయి గంట కూడా కాలేదు, వీపు మీద వాత ఇంకా ఎర్రగానే ఉంది, మళ్లీ గోడ పడగొడతామని మాట. నాకు అక్కడున్న అందరి మీదా అసహ్యం వేసింది. ఆమెను చూస్తే మాత్రం ఏడుపు వచ్చింది.

"నేను చెప్ప," అందామె.

"గదేంది వదినా, వట్టి మాటనే గద, పిట్ట ముట్టేటందుకు."

"మూడొద్దుల సంది వట్టి మాటలే వింటున్న. పడగొట్టుడు నాతోని గాదు. బతికున్ననాడు గూడ ఆయనకు అబద్ధం చెప్పలే, సచ్చినంక చెప్తనా?"

ఆమె గోడ దగ్గరికి నడిచి, ఆకు ముందు వంగింది. మాతో కాదు, ఆయనతో మాట్లాడింది. "ఇగో, గోడ కట్టిండ్రు. నేను ఆడికి రాలేను. తప్పు నాది గాదు." అని, ఆకు నాలుగు మూలలూ దగ్గరికి తీసి, గంప మీది గుడ్డలో మూట కట్టింది. ఏం చేస్తోందో మాకు అర్థమయ్యేలోపు రెండడుగులు వెనక్కి వేసి, చెయ్యి తిప్పి, ఆ మూటను గోడ మీదుగా అవతలికి విసిరింది. పాలు పిండిన చేతులు, బలం ఉన్న చేతులు. మూట గాజు పెంకులను దాటిపోయింది. అవతల ఎక్కడో దబ్బుమని పడ్డ చప్పుడు మాత్రం వినిపించింది.

 అవతలి చెట్ల మీదున్న కాకులన్నీ ఒక్కసారి గోల చేశాయి.

మరిది గోడకు చెవి ఆనించి నిలబడ్డాడు. "ముట్టినయా వదినా? ముట్టినయంటవా?"

ఆమె ఖాళీ గంప చంకన పెట్టుకుంది. "గోడ అడ్డమున్నది. నాకేం కనవడ్తది?" అని, ఇంటి దారి పట్టింది.